మోసిన నడుము, కూర్చున్న నడుము

జూన్ 4

ఒసే చిన్నదానా,

బోర్లా పడుకుని, దిండు మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు కొండలెక్కి దిగుతున్నాయంటే ఆ తప్పు దిండుది. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు. "అయ్యో అక్కా" అని మొదలుపెడతావు, ఇక నేనే నిన్ను ఓదార్చాలి. కాగితం మీదైతే అడ్డురాలేవు.

విషయం ఏమిటంటే, నా నడుము పడిపోయింది. మూడు వారాలైంది. మీ బావ నీకు చెప్పకుండా నోరు కట్టేసుకున్నాడు. కట్టించింది నేనే, ఆయన్ని ఏమీ అనకు.

పదకొండో మంచం మీద తుంటి విరిగిన పెద్దాయన ఉన్నాడు. ఎక్స్‌రేకి తీసుకెళ్ళాలని ఆయన్ని మంచం మీంచి చక్రాల బల్ల మీదికి మారుస్తున్నాం. అటు ఇద్దరు, ఇటు నేనూ ఇంకొకామె. ఆయన ఉన్నట్టుండి భయపడి నా మెడ పట్టుకుని వేలాడాడు. అంతే, లోపల ఎవరో తాడు తెంపినట్టయింది. ఆయన్ని మాత్రం పడనివ్వలేదు. బల్ల మీద పడుకోబెట్టాకే నేను నేల మీద పడుకున్నాను. ఆయన పైనుంచి తొంగి చూసి, "నర్సుని పిలవమంటావా అమ్మా?" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ ఆయా ఉద్యోగంలో ఒక రోగి నాకోసం నర్సుని పిలుస్తాననడం అదే మొదటిసారి. అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది.

స్కాను తీశారు. "డిస్కులు ఎండిపోయాయమ్మా" అన్నాడు డాక్టరు. ఎండిపోవడమేమిటి, నేనేమన్నా దండెం మీద బట్టనా అని అడిగేలోపు ఆయన తర్వాతి మనిషిని పిలిచేశాడు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నువ్వు ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రయోగశాలలో కూర్చుని కోసి, నూరి, కొలుస్తున్నది ఈ డిస్కుల్నేగా! ఎన్నిసార్లు చెప్పబోయినా సగం విని వదిలేశాను. ఇప్పుడు పూర్తిగా వింటాను, కదలలేను కాబట్టి. నాకు అర్థమయ్యేలా చెప్పు.

ఆగస్టు ఇరవైన నన్ను ఆసుపత్రి డాక్టర్ల కమిటీ ముందు నిలబెడతారట. వార్డులో ఉంచాలా, దుప్పట్ల గదికి పంపాలా, ఇంటికే పంపాలా అని తేలుస్తారు. దుప్పట్ల గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. దుప్పట్లు ఎంత చక్కగా మడతపెట్టినా, "కాస్త మంచినీళ్ళు ఇస్తావా" అని అడగవు.

మీ ఆయనకి దగ్గు తగ్గిందా?

నీకన్నా పన్నెండు నిమిషాలు పెద్దదైన
అక్క


జూన్ 13

అక్కా,

మూడు వారాలా! బావతో నేను మాట్లాడను. సరే, అయ్యో అనను. నువ్వు అడిగింది చెబుతాను.

వెన్నుపూసకీ వెన్నుపూసకీ మధ్య ఒక మెత్త ఉంటుంది. అదే డిస్కు. బయట ఉల్లిపాయ పొరల్లా గట్టి పట్టీలు, లోపల జావలాంటి గుజ్జు. మా దగ్గరికి పసిపిల్లల డిస్కు ఎప్పుడైనా వస్తే గదిలో అందరం లేచి వెళ్ళి చూస్తాం. తెల్లగా, వెలుతురు అవతలికి కనిపించేంత నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ గుజ్జులో వందకి తొంభై పాళ్ళు నీళ్ళే.

ఆ నీళ్ళని పట్టి ఉంచే అణువులున్నాయి. సీసాలు కడిగే బ్రష్షుని ఊహించుకో. మధ్యలో కాడ, చుట్టూ కుచ్చు. ఆ కుచ్చు ఒకరకం చక్కెర గొలుసులతో చేసింది. నీళ్ళని దగ్గరికి లాగి వదలదు. పగలంతా మన బరువుకి నీళ్ళు కాస్త కాస్త బయటికి పోతాయి, పడుకున్నాక మళ్ళీ లోపలికొస్తాయి. పొద్దున మనం సాయంత్రం కన్నా ఒక వేలు మందం పొడుగుంటాం, ఎప్పుడైనా గోడకి నిలబడి చూసుకో.

వయసొచ్చేకొద్దీ ఆ బ్రష్షులు తెగిపోతాయి. కుచ్చు పొట్టిదవుతుంది. తెగిన ముక్కలు ఏళ్ళ తరబడి అక్కడే పడుంటాయి, ఎందుకంటే డిస్కు లోపలికి రక్తనాళం రాదు, ఊడ్చేవాళ్ళు లేరు. తిండి కూడా పైనా కిందా ఎముక లోంచి ఊరి రావలసిందే. అంత దూరం నుంచి ఊరే తిండితో బతికే కణాలు కొన్నే ఉంటాయి, అవీ తగ్గిపోతాయి. పట్టీల పీచుకి ఒంట్లోని చక్కెర అంటుకుని గట్టిపడి పసుపుపచ్చగా, ఆ తర్వాత గోధుమరంగుగా మారుతుంది. మన వయసు డిస్కులో నీళ్ళు డెబ్బై పాళ్ళు ఉంటే గొప్ప. మీ డాక్టరు ఎండిపోయిందన్నది దాన్నే.

ఇదంతా రాయడం నాకు తేలిక. తర్వాతది కష్టం. మనకి పదిహేడేళ్ళప్పుడు అమ్మకి పక్షవాతం వచ్చింది. "నాకు చదువు మీద మనసు లేదు" అని నువ్వు పుస్తకాలు అటకెక్కించావు. నాకు తెలుసు, లెక్కల్లో నాకన్నా నీకే ఎక్కువ మార్కులు. పన్నెండేళ్ళు అమ్మని ఎత్తిందీ దించిందీ నువ్వే. అమ్మ పోయాక కూడా అదే పని చేతికొచ్చిందని ఆసుపత్రిలో చేరావు. నేనేమో కుర్చీలో కూర్చుని, ఇతరుల నడుములు ఎందుకు పాడవుతాయో కనిపెడుతున్నాను. నన్ను క్షమించు అక్కా. ఇక చాలు. ఆ పని మానెయ్యి. దుప్పట్ల గదే నయం.

మీ మరిదికి దగ్గు తగ్గింది, చాదస్తం పెరిగింది.

నీ
చిన్నది


జూన్ 22

చిన్నదానా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన బాగుచెయ్యడానికి వచ్చిన గడియారం విప్పుకుని కూర్చుని, కంటికి అద్దం పెట్టుకునే విన్నాడు. అంతా విని, "తెగిన ముక్కలు లోపలే ఉండిపోతే ఏ యంత్రమైనా అంతే" అన్నాడు. నీ ఇరవై రెండేళ్ళ చదువు ఆయనకి ఒక్క ముక్కలో అర్థమైపోయింది. ఏడవకు.

పొడుగు సంగతి నిజమే! పొద్దునా సాయంత్రం తలుపు పక్కన నిలబడి పెన్సిలు గీతలు పెట్టించుకున్నాను. మీ బావ కూడా నిలబడ్డాడు. ఆయన సాయంత్రానికి ఏమీ తగ్గలేదు. రోజంతా కూర్చుని ఉంటే తగ్గేదేముంది అన్నాను, దానికాయన మొహం ముడుచుకున్నాడు.

ఇక నువ్వు రాసిన రెండో సగం. అది నాకు నచ్చలేదు. "ఆ పని మానెయ్యి" అంటావా? ఆ పని అంటే ఏమనుకుంటున్నావు? మూటలెత్తడమా? మనిషిని ఎత్తేటప్పుడు ముందు వాళ్ళ కళ్ళలోకి చూడాలి. ఎటు తిప్పబోతున్నామో చెప్పాలి. మోచెయ్యి ఎక్కడ పెట్టాలి, ఊపిరి ఎప్పుడు బిగపట్టాలి, వాళ్ళకి సిగ్గు వెయ్యకుండా దుప్పటి ఎలా జరపాలి, ఇదంతా ఎవరూ రాసిపెట్టలేదు. నువ్వు నీ సూక్ష్మదర్శిని మానేస్తావా?

క్షమాపణలు కూడా ఆపు. నేనేమీ పోలేదు. డాక్టరు నా స్కాను చూసి, "ఎంత బరువు మోస్తే ఇలా అవుతుందమ్మా!" అన్నాడు. నిజం చెప్పనా, నాకు కాస్త గర్వంగా అనిపించింది. ఇన్నేళ్ళు నేను చేసిందంతా ఒక ఫిల్ము మీద అచ్చయి కనిపించినట్టుంది.

ఆ ఫిల్ము నకలు ఇందులో పెడుతున్నాను. మడత పడకుండా మీ బావ రెండు అట్టల మధ్య పెట్టాడు. చూసి చెప్పు, ఎంత ఎండింది?

అక్క


జూలై 8

అక్కా, అక్కా!

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీ ఫిల్ము రాగానే దీపాల బల్ల మీద పెట్టి చూశాను. కింది రెండు డిస్కులూ నల్లగా ఉన్నాయి. ఈ ఫిల్ముల్లో నీళ్ళున్నచోట తెల్లగా, లేనిచోట నల్లగా కనిపిస్తుంది. కింది నుంచి రెండోది వెనక్కి ఉబ్బింది, ఎడమ వైపు. చూస్తూ ఏడ్చాను, ఒప్పుకుంటున్నాను.

తర్వాత ఒక ఆలోచన వచ్చింది. మనం ఒకే అచ్చులో పడ్డవాళ్ళం. నువ్వు ముప్పై ఆరేళ్ళు బరువులెత్తావు, నేను టీ కప్పు కన్నా బరువైనది ఎత్తలేదు. పక్కపక్కన పెట్టి చూస్తే? స్కాను గదిలో పనిచేసే ఆయన్ని బతిమాలి నేనూ ఆ గొట్టంలో పడుకున్నాను. లోపల సుత్తులతో కొట్టినట్టు చప్పుడు, నీకు తెలిసిందే.

ఫిల్ములు రెండూ బల్ల మీద పెట్టాను. ఆయన వచ్చి చూసి, "ఒకే మనిషివి రెండెందుకు పెట్టారు మేడం?" అన్నాడు.

అర్థమైందా? నావీ కింది రెండూ నల్లగానే ఉన్నాయి. రెండోది వెనక్కి ఉబ్బింది, ఎడమ వైపే! నాకు నొప్పి లేదు, ఎప్పుడూ రాలేదు. అలా నొప్పి లేకుండా తిరిగేవాళ్ళు చాలామంది ఉంటారు. కవలల మీద చేసిన పరిశోధనలు నేను చదివినవే. డిస్కు ఎంత త్వరగా ముసలిదవుతుందన్నది ఎక్కువగా వయసూ, పుట్టుకతో వచ్చిన గుణమూ తేలుస్తాయి, బరువుల పాత్ర మనం అనుకునేదాని కన్నా చాలా తక్కువ అని. ఇతరుల గురించి చదివినప్పుడు బుర్రకెక్కింది, మన గురించి చూసినప్పుడు గుండెకెక్కింది.

నీ నడుముని అమ్మ పాడుచెయ్యలేదు. నేను పాడుచెయ్యలేదు. నువ్వు ఒక్క మనిషిని కూడా ఎత్తకుండా కూర్చున్నా ఇది ఇలాగే ఉండేది! ఎన్నో ఏళ్ళ తర్వాత నిన్న హాయిగా నిద్రపోయాను.

నీ
చిన్నది


జూలై 17

సౌభాగ్యవతి చెల్లెలికి,

ఉత్తరం అందింది. నీకు నిద్ర పట్టినందుకు సంతోషం.

నేను ఎత్తకపోయినా ఇలాగే ఉండేదని రాశావు. పెద్ద చదువులు చదివినదానివి, నిజమే అయ్యుంటుంది. మీ బావ క్షేమం. నేను కర్ర లేకుండా వీధి చివరి దాకా నడుస్తున్నాను.

ఇట్లు,
వార్డు ఆయా


జూలై 24

అక్కా,

"సౌభాగ్యవతి చెల్లెలికి" అని చూడగానే కవరు తిప్పి, ఈ ఉత్తరం నాకేనా అని చిరునామా చూశాను. నన్ను అలా పిలిచింది పెళ్ళి శుభలేఖలో తప్ప ఎక్కడా లేదు.

నీకెందుకు కోపం వచ్చిందో నాకు తెలుసు. నీ ఫిల్ము నిన్ను అడగకుండా పరాయి మనిషికి చూపించాను. రోగుల కాగితాలు ఎవరికీ చూపించకూడదని నువ్వు ఎన్నిసార్లు చెప్పావు! తప్పు నాది. ఫిల్ము తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆయనకి కూడా చెప్పాను, మర్చిపొమ్మని. పాపం, ఏం మర్చిపోవాలో ఆయనకి అర్థం కాలేదు.

కావాలంటే ఫిల్ము వెనక్కి పంపిస్తాను. ఒక్క తిట్టు తిట్టి ఉత్తరం రాయి. తిట్లు లేని నీ ఉత్తరం చదవడం నావల్ల కాదు.

చిన్నది


ఆగస్టు 1

ఓసి పిచ్చి మొహమా,

ఫిల్ము గోల ఎవడిక్కావాలి? ఊరంతా చూపించుకో. నా మొహం కూడా అందులో లేదు.

కోపమంటే ఇదీ. పదిహేడో ఏట నుంచి నాకు చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే. నీకు పట్టాలున్నాయి, నీ పేరు అచ్చయిన కాగితాలున్నాయి. నాకు ఈ నడుముంది. పడిపోయినప్పుడు ఏడుపొచ్చినా, లోపల ఎక్కడో అనుకున్నాను: సరేలే, ఊరికే పోలేదు, అమ్మ బరువూ, ఆ పదకొండో మంచం పెద్దాయన బరువూ దీని మీద రాసుంది అని. నువ్వొచ్చి తడిగుడ్డతో తుడిచేశావు. ఎత్తినా అంతే, ఎత్తకపోయినా అంతే అన్నావు. అంతే అయితే నేను చేసింది ఎక్కడుంది? నువ్వు కొలిచేదానివి కదా, కొలిచి చెప్పు.

ఇంకొకటి. నన్ను ఇలా చేశానని నువ్వు ఇన్నేళ్ళు కుమిలిపోతున్నావని నాకు తెలియదు. తెలిస్తే ఎప్పుడో నాలుగు తగిలించేదాన్ని. నాకు లెక్కలంటే ఇష్టమే. అమ్మ అంటే ఇంకా ఇష్టం. ఎంచుకున్నది నేను, మధ్యలో నువ్వెవరివి?

కమిటీకి ఇరవై రోజులు కూడా లేదు. దుప్పట్ల గది చూసొచ్చాను. అక్కడ పనిచేసే ఆవిడ నన్ను చూసి, మాట్లాడ్డానికి మనిషి దొరికిందని వదల్లేదు.

అక్క


ఆగస్టు 9

అక్కా,

కొలవమన్నావు. వారం రోజులు వెతికాను.

ముందు డిస్కుల్లోనే వెతికాను. రెండు ఫిల్ములూ పెట్టుకుని, ఒక్కో పూసా స్కేలుతో కొలిచాను. అక్కడ నీ పని కనిపించలేదు. నీ దగ్గర అబద్ధం చెప్పను. నీ బాధ తగ్గుతుందని లేని గుర్తు ఉందని రాస్తే, ఆ తర్వాత నా ఉత్తరం ఏదీ నువ్వు నమ్మవు.

నిన్న అమ్మ పాత కాగితాల కట్ట విప్పాను. అమ్మని మొదటి ఆరు నెలలూ, మళ్ళీ చివరి రెండు నెలలూ ఉంచిన ఆసుపత్రివి. నేను చదువుకోవడానికి వచ్చేటప్పుడు మొదటివీ, ఆ తర్వాత రెండోవీ నాకే ఇచ్చావు, ఎప్పుడూ విప్పే ధైర్యం చెయ్యలేదు. చివరి కాగితాల్లో ఒక నర్సు రాసిన వరుస ఉంది. "పన్నెండేళ్ళుగా మంచాన ఉన్న రోగి. వీపు, తుంటి, మడమలు పరీక్షించాను. ఎక్కడా పుండు లేదు." ఆ కింద ఇంకొకరి చేతిరాత: "మళ్ళీ చూశాను. నిజమే." దాని కింద ఇంకో సంతకం.

నాకు ఈ సంగతి అప్పుడు తెలియదు. అన్నేళ్ళు మంచాన పడ్డవాళ్ళకి వీపు పుండ్లు పడకపోవడం మామూలనుకున్నాను. నువ్వు రెండు గంటలకొకసారి అమ్మని తిప్పేదానివి కదూ? పన్నెండేళ్ళు, రెండు గంటలకొకసారి. ముగ్గురు నర్సులు నమ్మలేక వరసగా వచ్చి చూశారు.

నేను వెతికింది తప్పు చోట. నీ వీపులో చూశాను, అమ్మ వీపు మీద చూడవలసింది.

ఆ కాగితం నకలు పెడుతున్నాను. నా ఫిల్ము కూడా పెడుతున్నాను. కమిటీలో పనికొస్తుందేమో చూడు. నీ ఇష్టం. మానెయ్యమని ఇక అనను.

చిన్నది


ఆగస్టు 21

చిన్నదానా,

నిన్న కమిటీ అయింది. అంతా వరసగా చెబుతాను, తొందరపడకు.

ముగ్గురు డాక్టర్లు. నడుమ కూర్చున్నది ఎముకల డాక్టరు. నా ఫిల్ము వెలుతురుకి పట్టుకుని, "ఇంత అరిగిన నడుముతో వార్డు పని ఎలా కుదురుతుందమ్మా? ఇది బరువులు మోసి మోసి తెచ్చుకున్నది" అన్నాడు. నేను ఆయన చేతిలోది అందుకుని, సంచిలోంచి తీసిన నీ ఫిల్ముతో కలిపి, అటూ ఇటూ మార్చి ముందు పెట్టాను. రెండిటి మీదా పేర్లు కనబడకుండా మీ బావ ముందే కాగితం ముక్కలు అంటించాడు.

"సార్, వీటిలో ఒకటి ముప్పై ఆరేళ్ళు మనుషుల్ని ఎత్తినామెది. ఇంకొకటి కుర్చీలో కూర్చునే ఆమెది. ఏది ఎవరిదో చెప్పండి" అన్నాను.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. తిప్పారు, మార్చారు. ఒకాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చివరికి ఎముకల డాక్టరు ధీమాగా ఒకటి తీసి, "ఇది ఆయాది" అన్నాడు.

కాగితం ముక్క పీకితే నీ పేరు!

"ఆవిడ మా చెల్లెలు సార్. ఇవాళ పొద్దున కూడా మెట్లెక్కి ఆఫీసుకి వెళ్ళింది. ఈ ఫిల్ము చూసి నన్ను ఇంటికి పంపాలంటే, ఆవిణ్ణి కూడా పంపాలి. నేను ఏం చెయ్యగలనో నన్ను చూసి తేల్చండి" అన్నాను.

ఆయన కోప్పడలేదు, నవ్వాడు. వంగమన్నాడు, నిలబడమన్నాడు, కాళ్ళు పట్టుకుని చూశాడు. అమ్మ కాగితం కూడా చూపించాను. చూపించాలని అనుకోలేదు, చెయ్యి దానంతటదే తీసింది. వార్డు పెద్ద నర్సమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. ఆవిడ ఆ కాగితం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివింది. "పన్నెండేళ్ళా?" అంది.

తేలిందేమిటంటే, మూడు నెలలు నడుముకి వ్యాయామం. ఒంటరిగా ఎవరినీ ఎత్తకూడదు. కానీ వార్డు నాదే. కొత్తగా చేరిన ఆయాలు ఆరుగురికి మనిషిని ఎలా తిప్పాలో, ఎలా ఎత్తాలో నేర్పాలట. పెద్ద నర్సమ్మే అడిగింది. నేను వాళ్ళకి నీ సీసా బ్రష్షు కథతో మొదలుపెడదామనుకుంటున్నాను. వాళ్ళ నడుములు కూడా ఎవరూ అడగకుండానే ఎండుతాయి కదా, తెలిసుంటే మంచిది.

ఒక ఇబ్బంది ఉంది. నేర్పడానికి మంచం మీద పడుకునే మనిషి కావాలి. రోగుల మీద మొదటిరోజే ప్రయోగాలు చెయ్యలేం. మీ బావని అడిగితే, ఆరుగురు ఆడవాళ్ళు ఎత్తడమా అని పారిపోయాడు. నువ్వొస్తావా?

అక్క


సెప్టెంబరు 15

అక్కా,

క్షేమంగా చేరాను. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. మీ మరిది నన్ను చూసి, "ఎత్తి ఎత్తి నిన్ను పొడుగు చేశారా?" అన్నాడు.

అక్కడ చెప్పలేకపోయిన మాట ఒకటి రాస్తున్నాను. నువ్వు చెప్పింది నిజమే, ఎదురుగా ఉంటే నేను మధ్యలో ఏడుస్తాను.

ఆ మంచం మీద వెల్లకిలా పడుకున్నప్పుడు నాకు భయం వేసింది. సిగ్గు కూడా వేసింది. ఇన్నేళ్ళు మనిషిలోని చిటికెడు గుజ్జుని కొలిచాను గానీ, ఎవరైనా ఎత్తితే తప్ప కదలలేని మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ ఆరుగురూ చుట్టూ నిలబడ్డారు. వాళ్ళ చేతులు చల్లగా ఉన్నాయి. నువ్వు నన్ను ముట్టుకోలేదు. డాక్టరు మాట నిలబెట్టుకుంటూ, చేతులు వెనక్కి కట్టుకుని తలాపున నిలబడ్డావు. నీ భుజాలు మాత్రం ఊరుకోలేదు, ఎత్తబోతున్నట్టే కదిలాయి.

"ముందు ఆవిడ కళ్ళలోకి చూడండి" అన్నావు వాళ్ళతో. వాళ్ళు చూసేలోపు నువ్వే వంగి చూశావు. నాకు నీ ముఖం తలకిందులుగా కనిపించింది. అద్దంలో రోజూ చూసే ముఖమే కదా అక్కా అది! కానీ నా ముఖం ఎవరినీ ఎప్పుడూ అలా చూడలేదు.

"ఎత్తి ఎడమ వైపుకి మారుస్తున్నాం, ఊపిరి వదులు, పడనివ్వం" అన్నావు.

ఊపిరి వదిలాను. అమ్మ పన్నెండేళ్ళు చూసింది ఆ ముఖాన్నే అనుకున్నాను. నా భయం పోయింది. ఆరుగురూ కలిసి ఎత్తారు, నేను గాల్లోకి లేచాను.

నీ
చిన్నది